గంప కింద పిల్లి: పాత టెస్టులు ఉంచాలా, తీసేయాలా?

తద్దినం రోజు పిల్లిని గంప కింద మూసిన కథ మనలో చాలామంది ఇంట్లో విన్నదే. ఒకాయన తండ్రి తద్దినం పెడుతుంటే పిల్లి వంటకాల చుట్టూ తిరుగుతోందని దాన్ని పట్టి గంప కింద మూసిపెట్టాడు. కొడుకు అది చూశాడు. కొన్నేళ్లకు ఆయన పోయాడు, తద్దినం పెట్టే వంతు కొడుక్కి వచ్చింది. అప్పటికి ఇంట్లో పిల్లే లేదు. అయినా పక్కింటివాళ్లని బతిమాలి ఒక పిల్లిని తెచ్చి, గంప కింద మూసి, ఆ తర్వాతే తంతు మొదలుపెట్టాడట.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో పాత టెస్టుల మాట వచ్చినప్పుడల్లా ఈ కథ గుర్తొస్తుంది. ఎప్పుడో ఎవరో రాసినవి, ఎందుకు రాశారో తెలియనివి, రోజూ తప్పకుండా నడుస్తూనే ఉంటాయి. పిల్లి లేకపోయినా గంప వేస్తున్నట్టే. కానీ ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. "ఇదంతా పాత చాదస్తం" అని గంపలన్నీ ఎత్తి అటక మీద పడేసిన ఇంట్లో నిజంగానే పిల్లి ఉంటే? వంటకాల గతేంటి?

కాబట్టి గంప పాతదా, కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. పిల్లి ఉందా లేదా అన్నదే ప్రశ్న. టెస్టుల విషయంలో దీన్ని తేల్చుకోవడం ఎలాగో చూద్దాం.

మనకెందుకీ గోల అనుకోకండి. క్లబ్బుల వెబ్‌సైట్లు, ఫెస్ట్ రిజిస్ట్రేషన్ పేజీలు, డిపార్ట్‌మెంట్ ప్రాజెక్టులు అన్నీ ఒక బ్యాచ్ రాసి ఇంకో బ్యాచ్ చేతిలో పెట్టి వెళ్లేవే. రేపు ఉద్యోగంలో చేరాక కూడా ఫ్రెషర్లకు మొదట ఇచ్చే పనుల్లో "ఆ ఎర్రగా ఉన్న టెస్టుల సంగతి చూడు" అన్నది తరచుగా ఉండేదే.

ఫ్రంటెండ్ టెస్టు అంటే

సివిల్, మెకానికల్ మిత్రుల కోసం రెండు ముక్కలు. వెబ్‌సైట్‌లో మన కంటికి కనిపించే భాగం ఫ్రంటెండ్. బటన్లు, ఫారాలు, పేజీలు అన్నమాట. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో ప్రతిసారీ మనిషి కూర్చుని నొక్కి చూడక్కర్లేకుండా, నొక్కి చూసే చిన్న ప్రోగ్రామ్ రాస్తాం. అదే టెస్టు. కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులన్నీ నడుస్తాయి. అన్నీ సరిపోతే పచ్చ, ఒక్కటి తప్పినా ఎరుపు. ఎరుపు వస్తే ఆ మార్పు ముందుకు వెళ్లదు.

వీటిలో స్థూలంగా మూడు రకాలున్నాయి. ఒక్క ఫంక్షన్‌ని పరీక్షించేవి యూనిట్ టెస్టులు. స్క్రీన్ మీద ఒక ముక్కను, అంటే ఒక ఫారాన్నో ఒక బటన్‌నో, పరీక్షించేవి కాంపొనెంట్ టెస్టులు. నిజమైన బ్రౌజర్ తెరిచి, లాగిన్ అయి, చివరిదాకా మనిషిలా నడిచి చూసేవి ఎండ్ టు ఎండ్ టెస్టులు. మొదటివి మిల్లీసెకన్లలో అయిపోతాయి. చివరివి నెమ్మది, పైగా కాస్త పెళుసు.

వ్యాసం పొడవునా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. ఒక హాస్టల్ మెస్ ఫీజు సైటు ఉందనుకోండి. ఏ కాలేజీదీ కాదు, ఇక్కడి అవసరానికి అల్లింది. నాలుగు బ్యాచ్‌లు దాని మీద పనిచేశాయి. మొదటి బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా తెలీదు. వాళ్లు రాసిన టెస్టులు మాత్రం అలాగే ఉన్నాయి.

టెస్టు ఎలా పాతబడుతుంది?

నాలుగు దారులున్నాయి. నాలుగూ వేరువేరు జబ్బులు, కాబట్టి మందు కూడా ఒకటి కాదు.

మొదటిది, పనిముట్టు పోవడం. తెర లేకుండా వెనకాల నడిచే బ్రౌజర్‌గా 2011లో వచ్చిన ఫాంటమ్‌జేఎస్ మీద ఒకప్పుడు బోలెడన్ని ప్రాజెక్టుల టెస్టులు నడిచేవి. 2017లో క్రోమ్ బ్రౌజరే తెర లేకుండా నడవడం నేర్చుకుంది. 2018లో ఫాంటమ్‌జేఎస్ అభివృద్ధి ఆగిపోయింది. యాంగ్యులర్ బృందం తయారుచేసిన ప్రొట్రాక్టర్ సంగతీ అంతే. 2021లో దాని ముగింపు ప్రకటించారు, 2023లో మద్దతు ఆపేశారు. ఇలాంటప్పుడు పాతబడింది టెస్టు రాసిన భాష మాత్రమే. అది చెప్పే మాట పాతబడిందని కాదు.

రెండోది, పొట్ట కోసి చూసే టెస్టులు. ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2015లో ఎంజైమ్ అనే లైబ్రరీని బయటపెట్టింది. రియాక్ట్ కాంపొనెంట్‌ని తెరిచి, దాని లోపలి స్టేట్‌లో ఏ విలువ ఉందో చూసే వీలు దాంట్లో ఉండేది. సులువుగా ఉంది కదా అని చాలామంది అలాగే రాశారు. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ వచ్చాయి. క్లాసుగా ఉన్న కాంపొనెంట్‌ని ఫంక్షన్‌గా తిరగరాయడం మొదలైంది. పేజీ వాడేవాళ్లకు ఏ తేడా లేదు. అదే బటన్, అదే పని. కానీ లోపలి స్టేట్‌ని చూసే టెస్టులు మాత్రం విరిగిపోయాయి. ఇల్లు బాగానే ఉన్నా, గోడ లోపల పైపు పక్కకు జరిగిందని అలారం మోగినట్టు. ఆ తర్వాత ఎంజైమ్ అధికారిక మద్దతు రియాక్ట్ 16 దగ్గరే ఆగిపోయింది. 2018లో వచ్చిన రియాక్ట్ టెస్టింగ్ లైబ్రరీ దీనికి ఎదురుదారి పట్టింది. వాడేవాళ్లకు కనిపించేదాన్నే పరీక్షించాలన్నది దాని పద్ధతి.

మూడోది, కాపలా కాస్తున్న సరుకే లేకపోవడం. ఫ్లాష్‌కి 2020 డిసెంబర్ 31తో అడోబీ మద్దతు ఆగిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విండోస్ 10 వాడేవాళ్లలో చాలామందికి ముగించేసింది. ఆ బ్రౌజర్‌లో మెనూ సరిగ్గా తెరుచుకుంటోందా అని చూసే టెస్టు ఇంకా నడుస్తోందంటే, అది అచ్చంగా పక్కింటి పిల్లి వ్యవహారమే.

నాలుగోది, "నాన్నా పులి" జబ్బు. కోడ్‌లో ఏ మార్పూ లేకుండానే ఒకసారి పచ్చ, ఒకసారి ఎరుపు చూపించే టెస్టులు. వీటిని ఫ్లేకీ టెస్టులంటారు. పేజీ లోడ్ కావడానికి అర సెకను ఆలస్యమైనా, రెండు టెస్టులు ఒకే డేటాని తాకినా ఇలా జరుగుతుంది. గూగుల్ 2016లో తన అనుభవం చెబుతూ, మొత్తం టెస్టు రన్నుల్లో దాదాపు 1.5 శాతం ఇలా ఊగిసలాడతాయనీ, టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఈ లక్షణం ఎంతో కొంత ఉందనీ, పచ్చగా ఉన్నది ఎర్రబడిన సందర్భాల్లో 84 శాతంలో ఫ్లేకీ టెస్టు ప్రమేయం ఉందనీ రాసింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

ఉంచితే పోయేదేముంది?

"పడి ఉండనిద్దాం, తినేదేమైనా ఉందా" అంటారు కొందరు. తింటుంది. లెక్క వేద్దాం.

మన మెస్ ఫీజు సైటుకు 200 బ్రౌజర్ టెస్టులున్నాయనుకోండి. ఒక్కొక్కటి ఏ తప్పూ లేకుండానే ఎర్రబడే అవకాశం 0.5 శాతం మాత్రమే. అంటే 200 సార్లు నడిపితే ఒకసారి. చాలా మంచి టెస్టులే కదా అనిపిస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎర్రబడతాయనుకుంటే, 200 టెస్టులూ ఒకేసారి పచ్చగా వచ్చే సంభావ్యత 0.995ని 200 సార్లు గుణించినంత, అంటే సుమారు 0.37. కోడ్ పూర్తిగా సరిగ్గా ఉన్నా మూడింట రెండుసార్లు దాదాపు ఎరుపే. ఆ 200లో నిజంగా అవసరమైనవి 30 మాత్రమే ఉంచితే? 0.86. మిగిలిన 170 టెస్టులు వృథాగా నడవడంతో ఆగలేదు, అవసరమైన 30 చెప్పే మాట కూడా ఎవరికీ వినపడకుండా చేశాయి.

అసలు నష్టం ఇదే. ఎరుపు వచ్చినప్పుడల్లా జట్టులో అందరూ "మళ్లీ నడుపు, అదే సర్దుకుంటుంది" అనడం మొదలుపెడతారు. ఒకసారి ఆ అలవాటు పడ్డాక నిజంగా పులి వచ్చిన రోజు కూడా మళ్లీ నడిపే మీట మీదికే చెయ్యి పోతుంది.

ఒక్క ప్రశ్న

అయితే తీసేద్దామా? తొందరపడొద్దు. ఇలాంటి సంభాషణ మీరు ఏ ల్యాబ్‌లోనైనా వినొచ్చు:

"అక్కా, ఈ టెస్టు మూడు రోజుల నుంచి ఎర్రగానే ఉంది. పాతది కూడా. తీసేయనా?"

"అదేం చూస్తోందిరా?"

"ఏదో 'ఈజ్ సబ్మిటింగ్' అని ఒక స్టేట్ ఉందక్కా. బటన్ నొక్కాక అది ట్రూ అయ్యిందా లేదా అని."

"కాకపోతే ఫీజు కట్టేవాళ్లకి ఏమవుతుంది?"

"...తెలీదక్కా."

"తెలిశాక తీసేద్దాం."

అక్క అడిగిన ఆ ప్రశ్నే ఈ వ్యాసం మొత్తానికి సారం. ప్రతి టెస్టూ ఒక మాట ఇస్తుంది. "ఇలా చేస్తే ఇలా జరుగుతుంది" అని వాడేవాళ్లకు ఇచ్చిన మాట. ఆ మాట ఇంకా చెల్లుతుందా? చెల్లితే, దాన్ని ఇంకెవరైనా కాపాడుతున్నారా? ఈ రెండూ తేలాకే తీసేయడమో ఉంచడమో. టెస్టు వయసు, దాన్ని రాసిన లైబ్రరీ, అది మనల్ని ఎంత విసిగిస్తోంది అన్నవి ఈ ప్రశ్నకు జవాబులు కావు.

తేల్చుకోవడానికి మూడు పనులు చేయాలి.

ఒకటి, ఆ టెస్టు ఇచ్చే మాటను ఒక్క వాక్యంలో రాయండి. తెలుగులోనే రాయండి, స్టేట్, ప్రాప్స్, క్లాస్ పేర్లు లేకుండా. "ఫీజు గడువు దాటితే జరిమానా కలిపిన మొత్తం కనిపించాలి" అని రాయగలిగితే మాట ఉన్నట్టు. ఎంత ప్రయత్నించినా "ఫలానా డివ్ లోపల ఫలానా డివ్ ఉండాలి" అనే వస్తుంటే, ఆ టెస్టు ఎవరికీ ఏ మాటా ఇవ్వడం లేదేమో అని అనుమానించాలి.

రెండు, పుట్టుక చూడండి. రాసినవాళ్లు దొరక్కపోయినా గిట్‌లో వాళ్ల జాడ దొరుకుతుంది. ఆ టెస్టు మొదట ఏ కమిట్‌లో వచ్చింది, ఆ కమిట్‌లో ఇంకేం మారింది, సందేశంలో ఏం రాశారు అన్నది చూడాలి. కొత్త పేజీతో పాటు పదిహేను టెస్టులు ఒకేసారి వచ్చాయంటే కవరేజీ కోసం రాసి ఉండొచ్చు. ఒక చిన్న దిద్దుబాటుతో ఒంటరిగా ఒకే టెస్టు వచ్చిందంటే మాత్రం జాగ్రత్త. ఎవరో ఎక్కడో దెబ్బతిన్న తర్వాత రాసిన టెస్టు అది.

మూడు, కావాలని విరగ్గొట్టి చూడండి. మీ కంప్యూటర్‌లో, వేరే బ్రాంచ్‌లో, ఆ టెస్టు కాపాడుతున్న ప్రవర్తనను కోడ్‌లోంచి తీసేయండి. తర్వాత ఆ ఒక్క టెస్టునూ పక్కనపెట్టి మిగతావన్నీ నడపండి. ఇంకో టెస్టు ఎర్రబడితే ఆ మాటకు వేరే కాపలా ఉన్నట్టు. అన్నీ పచ్చగా వస్తే, మీరు తీసేయబోతున్నది ఆ గుమ్మం దగ్గరున్న ఒకే ఒక్క కాపలా. కోడ్‌లో ఇలా చిన్న చిన్న తప్పులు పెట్టి టెస్టులు పట్టుకుంటాయా లేదా అని చూడడాన్ని మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. 1970ల నుంచీ ఉన్న ఆలోచన ఇది. జావాస్క్రిప్ట్‌లో ఈ పనిని తనంతట తానే చేసే స్ట్రైకర్ అనే పనిముట్టు కూడా ఉంది.

ఇక్కడే కవరేజీ గురించి ఒక మాట. "ఈ టెస్టు తీసేస్తే కవరేజీ 82 నుంచి 79కి పడిపోతుంది" అన్న భయంతో చచ్చిన టెస్టుల్ని మోసే జట్లు ఉన్నాయి. కవరేజీ చెప్పేది ఆ లైను నడిచిందని మాత్రమే. నడిచి సరైన పని చేసిందో లేదో ఎవరైనా చూశారా అన్నది అది చెప్పదు. హాజరు శాతం చూసి పాఠం వచ్చిందనుకోలేం కదా.

ఆరు టెస్టులు, ఆరు తీర్పులు

ఇప్పుడు మన మెస్ ఫీజు సైటులో ఆరు పాత టెస్టుల్ని ముందు పెట్టుకుని చూద్దాం.

మొదటిది, చెల్లింపు పేజీ మొత్తానికీ తీసిన స్నాప్‌షాట్. పేజీ ఇప్పుడెలా ఉందో 400 లైన్లలో దాచిపెట్టి, తర్వాత ఒక్క అక్షరం మారినా ఎర్రబడే టెస్టు. జెస్ట్‌లో ఈ సౌకర్యం 2016 నుంచి ఉంది. సమస్యేంటంటే, ఎర్రబడినప్పుడు ఆ 400 లైన్లూ ఎవరూ చదవరు. అప్‌డేట్ చేసేసి ముందుకు పోతారు. దాని మాటను వాక్యంగా రాయబోతే "ఏదీ మారకూడదు" అని వస్తుంది. సైటు అన్నాక మారుతుంది. తీర్పు: తీసేయండి. దాని స్థానంలో కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ, ఈ రెండూ సరిగ్గా కనిపిస్తున్నాయా అని చూసే రెండు చిన్న టెస్టులు రాయండి.

రెండోది, పైన తమ్ముడు తీసేస్తానన్న టెస్టు. చూడ్డానికి పొట్ట కోసి చూసే బాపతే. ఎంజైమ్‌తో రాసింది, లోపలి స్టేట్‌ని చూస్తోంది. కానీ గిట్‌లో దాని పుట్టుక తవ్వితే కమిట్ సందేశం దొరికింది: "రెండుసార్లు నొక్కితే రెండుసార్లు డబ్బు కట్ అవుతోంది." అదీ సంగతి. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్న రోజు ఎవరో బటన్ మళ్లీ నొక్కారు. ఇంటి నుంచి లెక్కగా వచ్చిన డబ్బులోంచి రెండు నెలల మెస్ ఫీజు ఒకేసారి పోయింది. ఆ డబ్బు తిరిగొచ్చేదాకా ఆ విద్యార్థి ఎలా గడిపాడో ఆ ఒక్క లైను సందేశంలో ఉండదు. తీర్పు: తిరగరాయండి. స్టేట్ ఊసెత్తకుండా, "బటన్‌ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కు, సర్వర్‌కి ఒక్క అభ్యర్థనే వెళ్లాలి" అని రాయండి. మాట పాతదే, చెప్పే తీరు కొత్తది. అన్నట్టు, ఇలాంటి కాపలా ఫ్రంటెండ్‌లో ఒక్కచోటే ఉంటే చాలదు. ఒకే చెల్లింపు రెండోసారి వస్తే సర్వర్ కూడా గుర్తుపట్టి ఆపాలి, దానికి అక్కడ వేరే టెస్టు ఉండాలి.

మూడోది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తేదీ పెట్టె పనిచేస్తోందా అని చూసేది. ఇప్పుడు మన సైటును ఆ బ్రౌజర్‌లో ఎవరూ తెరవడం లేదని సర్వర్ లాగ్‌లో చూసి నిర్ధారించుకోండి. తీర్పు: తీసేయండి. ఒక్క టెస్టునే కాదు, ఆ బ్రౌజర్ కోసం కలిపిన అదనపు కోడ్‌ని కూడా. కాపలాదారును పంపేసి ఖాళీ గదికి తాళం వేసి ఉంచడం దేనికి?

నాలుగోది, ప్రొట్రాక్టర్‌లో రాసిన ఎండ్ టు ఎండ్ టెస్టు. లాగిన్ అయి, ఫీజు చూసి, కట్టి, రసీదు వచ్చేదాకా నడుస్తుంది. పనిముట్టు పోయింది, టెస్టు నెమ్మది, అప్పుడప్పుడు ఊగుతుంది కూడా. అయినా విడివిడిగా బాగున్న ముక్కలన్నీ కలిపితే పనిచేస్తున్నాయా అని చూసేది ఇదొక్కటే. తీర్పు: ప్లేరైట్ లేదా సైప్రెస్ లాంటి ఇప్పటి పనిముట్టులోకి మార్చి రాయండి. "మూడు సెకన్లు ఆగు" లాంటి గుడ్డి నిరీక్షణలు తీసేసి, "రసీదు కనిపించేదాకా ఆగు" అని మార్చండి. సగం ఊగిసలాట అక్కడే తగ్గుతుంది.

ఐదోది నిజానికి పదకొండు టెస్టుల గుంపు. పదకొండు రకాల తప్పు రోల్ నంబర్లను ఒక్కొక్కటిగా బ్రౌజర్ తెరిచి కొట్టి చూస్తుంది. మాట నిజమైనదే, నిలబడిన చోటే తప్పు. రోల్ నంబర్ సరైనదా కాదా అని తేల్చేది ఒక చిన్న ఫంక్షన్. తీర్పు: కిందికి దించండి. పదకొండింటినీ యూనిట్ టెస్టులుగా రాస్తే రెప్పపాటులో అయిపోతాయి. తప్పు నంబర్ కొడితే తెరమీద సందేశం కనిపిస్తోందా అని చూడడానికి పైన ఒక్కటి ఉంచితే చాలు.

ఆరోది చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. "కట్టు" బటన్‌కు ఒక పేరు ఉందా, మౌస్ ముట్టకుండా కీబోర్డ్‌తోనే దాకా వెళ్లగలమా అని చూస్తుంది. ఇప్పటి జట్టులో అందరూ మౌస్ వాడేవాళ్లే. బటన్ మీద రూపాయి బొమ్మ ఉంది కదా, పేరెందుకు? కానీ కళ్లు కనపడని విద్యార్థి స్క్రీన్ రీడర్‌తో ఈ పేజీ తెరిస్తే, పేరు లేని బటన్ దగ్గర వినిపించేది "బటన్" అన్న ఒక్క ముక్కే. దేనికో తెలీదు. ఫీజు కట్టడానికి ఇంకొకరి కళ్లూ, ఇంకొకరి చేతిలో తన పాస్‌వర్డూ కావాలి. తీర్పు: ఉంచండి, ముట్టుకోవద్దు. జట్టులో ఎవరికీ అవసరం లేదన్నది టెస్టు తీసేయడానికి కారణం కాదు. జట్టులో లేనివాళ్ల తరఫున మాట్లాడేది చాలాసార్లు టెస్టు ఒక్కటే.

ఇలా చూస్తే ఆరింటిలో పూర్తిగా పోయినవి రెండే. మిగతావి రూపమో చోటో మార్చుకున్నాయి, ఒకటి అలాగే ఉంది. "అన్నీ పాతవే, అన్నీ తీసేద్దాం" అన్నా, "ఏదీ ముట్టుకోవద్దు" అన్నా ఈ తేడాలు బయటపడేవి కావు.

యంత్రం మార్చిపెడితే?

ఇన్ని తిప్పలెందుకు, ఏఐకి ఇస్తే మొత్తం కొత్త లైబ్రరీలోకి మార్చేయదా అని మీకు అనిపించి ఉంటుంది. మారుస్తుంది. ఎంజైమ్‌ని పుట్టించిన ఎయిర్‌బీఎన్‌బీయే దాదాపు 3,500 టెస్టు ఫైళ్లను భాషా నమూనాల సాయంతో ఎంజైమ్ నుంచి రియాక్ట్ టెస్టింగ్ లైబ్రరీలోకి మార్చినట్టు 2025లో వివరించింది. చేత్తో అయితే ఏడాదిన్నర పడుతుందనుకున్న పని ఆరు వారాల్లో అయిందట. టెస్టుల ఉద్దేశం, కవరేజీ చెడకుండా చూసుకోవడం కూడా ఆ పనిలో భాగమే.

ఇది గొప్ప సౌకర్యం, అనుమానం లేదు. అయితే యంత్రం జవాబిచ్చింది "ఎలా మార్చాలి" అన్న ప్రశ్నకు. "ఇది ఉండాలా" అన్నది వేరే ప్రశ్న. మన మూడో టెస్టుని యంత్రానికి ఇస్తే, లేని బ్రౌజర్ కోసం చక్కని కొత్త భాషలో టెస్టు రాసిపెడుతుంది. మార్చే ఖర్చు తగ్గే కొద్దీ "ఎందుకైనా మంచిది, ఉండనీ" అనడం తేలికవుతుంది. అందుకే ముందు జల్లెడ పట్టి, ఆ తర్వాతే యంత్రానికి ఇవ్వడం మంచిది.

తీసేయడానికీ ఒక పద్ధతి

తీసేయాలని తేలిన టెస్టును కామెంట్‌లో దాచొద్దు, స్కిప్ అని గుర్తుపెట్టి వదిలేయొద్దు. స్కిప్ చేసిన టెస్టు చూసేవాళ్లకు కాపలా ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల ఎవరూ ఉండరు. పంటచేలో దిష్టిబొమ్మైనా కాకుల్ని భయపెడుతుంది, ఇది అదీ చేయదు. గిట్ ఉన్నంతకాలం తీసేసినది ఎక్కడికీ పోదు, కావాలంటే తిరిగి తెచ్చుకోవచ్చు.

ఊగిసలాడే టెస్టు విషయంలో వెంటనే తేల్చుకోలేకపోతే, దాన్ని మిగతావాటి నుంచి విడదీసి వేరే గుంపులో నడపండి. అది ఎర్రబడినా పని ఆగదు, కానీ రికార్డవుతుంది. దానికి ఒక గడువు, ఒక మనిషి పేరు తప్పకుండా ఉండాలి. రెండు వారాలంటే రెండు వారాలే. గడువు లేని క్వారంటైన్ మెల్లగా శ్మశానం అయిపోతుంది.

ఎవరు తీసేయాలి అన్నది కూడా ముఖ్యమే. రాత్రి పదకొండింటికి, రేపు డెమో ఉందనగా, ఎరుపు పోతే చాలనుకుంటున్న మనిషి ఈ తీర్పు చెప్పకూడదు. అతను చెడ్డవాడని కాదు. ఆ సమయంలో ఎవరికైనా ప్రతి గంపా ఖాళీగానే కనిపిస్తుంది. తీసేయడం వేరే కమిట్‌గా, పగటిపూట, ఇంకొకరు చూశాక జరగాలి. సందేశంలో మూడు సంగతులు ఉంటే చాలు: ఈ టెస్టు ఇచ్చిన మాట ఏమిటి, ఆ మాట ఇప్పుడు ఎందుకు చెల్లదు లేదా ఎవరు కాపాడుతున్నారు, అది ఎలా తేల్చుకున్నాం. ఉదాహరణకి:

"రోల్ నంబర్ బ్రౌజర్ టెస్టులు పది తీసేశాం. తప్పు నంబర్లను ఇప్పుడు యూనిట్ టెస్టులు పదకొండు పట్టుకుంటున్నాయి. ఫంక్షన్‌ని కావాలని విరగ్గొట్టి చూశాం, పదకొండూ ఎర్రబడ్డాయి. తెరమీద సందేశం కోసం ఒక బ్రౌజర్ టెస్టు ఉంచాం."

నాలుగు వాక్యాలు రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఈరోజు మీరు కొత్త టెస్టు రాసేటప్పుడు కూడా ఇదే అలవాటు చేసుకోండి. టెస్టుకు "ఫారం సరిగ్గా పనిచేయాలి" అని పేరు పెట్టొద్దు. "రెండుసార్లు నొక్కినా ఒక్కసారే డబ్బు తీసుకోవాలి" అని పెట్టండి. మూడేళ్ల తర్వాత, మీరు ఏ గచ్చిబౌలిలోనో ఏ డాలస్‌లోనో ఉన్నప్పుడు, ఇక్కడి ల్యాబ్‌లో ఒక జూనియర్ ఆ పేరు చదువుతాడు. మీకు ఫోన్ చేయాల్సిన అవసరం రాదు.